అల్పంలో అనల్పం

అంతరిక్ష యాత్ర అనగానే మనస్సులో మెదిలేవి బృహత్తరమైన దృశ్యాలు. దిక్కులు పిక్కటిల్లే ధ్వని, నేలను కమ్ముకొనే పొగ, మేఘాలను చీల్చుకొనిపోయే అగ్నిస్తంభం! అయితే ఇదంతా కొద్ది నిమిషాల వైభవం. ఆ తరువాత కక్ష్యలోకి చేరిన నౌకలో సాగే పని స్వభావమే వేరు. అక్కడ మనిషి చూపు ఒక చిన్న మంట మీద, ఒక చీమ నడక మీద, ఒక వాయువు చిక్కదనం మీద గంటల తరబడి నిలుస్తుంది. ఎంత పెద్ద యంత్రాన్ని ఎంత ఎత్తుకు పంపినా, అక్కడ శాస్త్రజ్ఞుడు చేసే పని చివరికి చిన్నదానిని శ్రద్ధగా చూడటమే. 2003 జనవరిలో అమెరికా నుంచి బయలుదేరిన కొలంబియా నౌక యాత్ర ఇందుకు గొప్ప ఉదాహరణ. చిన్నదానిని గమనించడం ఎంతటి విజ్ఞానమో, గమనించకపోవడం ఎంతటి వినాశమో ఆ ఒక్క యాత్రలోనే లోకానికి తెలిసింది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నిర్మించిన స్పేస్ షటిళ్ళలో మొట్టమొదట అంతరిక్షంలోకి వెళ్ళినది కొలంబియా. అది 1981 ఏప్రిల్ 12న తొలిసారి ఎగిరింది. షటిల్ రాకెట్‌లా నిలువుగా లేచి, కక్ష్యలో నౌకలా తిరిగి, పని ముగిశాక రెక్కలు చాచిన పక్షిలా నేలమీద వాలుతుంది. వ్యోమగాములు కూర్చొనే భాగాన్ని ఆర్బిటర్ అంటారు. బయలుదేరేటప్పుడు దాని పొట్టకింద ఒక పెద్ద ఇంధనపు ట్యాంకు, ఇరువైపులా రెండు బూస్టర్ రాకెట్లు ఉంటాయి. ట్యాంకులో ఉండేవి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. ద్రవ హైడ్రోజన్ సున్నాకు 253 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉండే మహాశీతల పదార్థం. ఆ చల్లదనం తరిగిపోకుండా, ట్యాంకు పైన మంచు పేరుకోకుండా దానికి ఫోమ్ తొడుగు వేస్తారు. పరుపులలోని ఫోమ్ వలెనే అది తేలికైనది. చేతితో నొక్కితే సొట్టపడేటంత మెత్తనిది. ఈ కథలో ఆ మెత్తని పదార్థానిదే ప్రధాన పాత్ర.

కొలంబియాకు ఇది 28వ ప్రయాణం. ఈ యాత్ర పలుమార్లు వాయిదా పడింది. 2002 వేసవిలో షటిళ్ళ ఇంజన్లకు ఇంధనాన్ని చేరవేసే గొట్టాల లోపలి తొడుగులలో సన్నని పగుళ్ళు కనిపించాయి. వెతికి చూస్తే తప్ప కంటపడని ఆ పగుళ్ళ కారణంగా షటిళ్ళన్నింటినీ నిలిపివేశారు. లోపాన్ని సరిచేసిన తరువాతనే తిరిగి ప్రయాణాలు మొదలయ్యాయి. చిన్న లోపాన్ని పెద్దగా చూడటం ఆ సంస్థకు తెలియని విద్య కాదని చెప్పడానికి ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

యాత్రకు ఎంపికైనవారు ఏడుగురు. నాయకుడు రిక్ హస్బెండ్. నౌకను నడపడంలో ఆయనకు తోడు విలియమ్ మెకూల్. పరిశోధనల బాధ్యత వహించినవాడు మైఖేల్ ఆండర్సన్. డేవిడ్ బ్రౌన్, లారెల్ క్లార్క్ ఇద్దరూ వైద్యులు. ఇలాన్ రామోన్ ఇజ్రాయెల్ దేశపు మొదటి వ్యోమగామి. ఏడవవారు కల్పనా చావ్లా. హర్యానాలోని కర్నాల్ పట్టణంలో పుట్టి పెరిగిన కల్పన, చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కళాశాలలో విమాన నిర్మాణశాస్త్రం చదివారు. 1982లో పట్టా పొందిన తరువాత పైచదువులకు అమెరికా వెళ్ళి, 1988లో కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకొన్నారు. 1997 నవంబరులో ఇదే కొలంబియాలో ఆమె తొలిసారి అంతరిక్షానికి వెళ్ళి, భారతదేశంలో జన్మించిన మహిళలలో ఆ ఘనత సాధించిన మొదటి వ్యక్తిగా చరిత్రకెక్కారు. ఇది ఆమె రెండవ యాత్ర.

2003 జనవరి 16వ తేదీ. ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలో ఉదయం 10 గంటల 39 నిమిషాలు. అప్పుడు మన దేశంలో రాత్రి 9 గంటల 9 నిమిషాలు. కొలంబియా నిప్పులు చిమ్ముతూ లేచింది. చూస్తున్నవారందరికీ అంతా సవ్యంగానే కనిపించింది. కాని సుమారు 82 సెకన్ల తరువాత, నేలకు 20 కిలోమీటర్ల ఎత్తులో, ట్యాంకు ముందుభాగం నుంచి ఒక ఫోమ్ ముక్క ఊడిపడింది. దాని బరువు దాదాపు ముప్పావు కిలో. ఊడిన ముక్క తేలికైనది కనుక గాలి తాకిడికి దాని వేగం క్షణంలో తగ్గిపోయింది. వెనుక నుంచి ధ్వనికి రెట్టింపు మించిన వేగంతో దూసుకువస్తున్న ఆర్బిటర్ ఎడమరెక్క దానిని ఢీకొన్నది. రెండింటి వేగాల మధ్య తేడా గంటకు సుమారు 800 కిలోమీటర్లు. ఎంత మెత్తని వస్తువైనా ఆ వేగంలో మెత్తగా ఉండదు. నౌకలోని ఏడుగురికీ ఈ సంగతి తెలియలేదు. ఎనిమిదిన్నర నిమిషాలలో ఇంజన్లు ఆగిపోయాయి. కొలంబియా కక్ష్యను చేరుకొన్నది.

ఇక పని మొదలైంది. ఇది అంతరిక్ష కేంద్రానికి సామగ్రి చేరవేసే యాత్ర కాదు. కేవలం శాస్త్రపరిశోధన కోసం ఉద్దేశించినది. సుమారు 80 ప్రయోగాలు నౌకలో ఉన్నాయి. ఒక్క క్షణం కూడా వృథా కాకుండా వ్యోమగాములు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు నిద్రించే వేళ మరొక జట్టు పనిచేసేది. నౌక సుమారు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంటే, రోజుకు పదహారు సూర్యోదయాలు వారి కిటికీల ముందు నుంచి సాగిపోయేవి.

వారు చేసిన ప్రయోగాలలో మంటను గురించినది ఒకటి. భూమి మీద వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కనుక దీపశిఖ కోసుగా నిలబడుతుంది. భారరహిత స్థితిలో పైకీ కిందికీ తేడా లేదు. అందువల్ల ప్రత్యేకమైన వాయు మిశ్రమాలలో పుట్టిన మంట చిన్న బంతిలా గుండ్రంగా మారి, గాలిలో తేలుతూ ఉంటుంది. పుట్టినరోజునాడు వెలిగించే కొవ్వొత్తి మంట కంటే అది ఎన్నో రెట్లు బలహీనమైనది. కంటికి కనీకనిపించని ఆ మంటలను వ్యోమగాములు ఎంత ఆత్మీయంగా గమనించారంటే, వాటికి పేర్లు కూడా పెట్టుకొన్నారు. ఒక మంట బంతి ఏకంగా 81 నిమిషాలు వెలిగింది. ఇంత బలహీనమైన మంట ఎలా నిలుస్తుందో, ఎప్పుడు ఆరిపోతుందో తెలిస్తే తక్కువ ఇంధనంతో నడిచే ఇంజన్లను తయారుచేయవచ్చు. అగ్నిప్రమాదాలను ముందుగా అరికట్టవచ్చు. నీటిని సన్నని తుంపరగా చిమ్మి నిప్పును ఎలా ఆర్పవచ్చునో పరీక్షించే ప్రయోగం కూడా వాటితోపాటు జరిగింది.

మరొక ప్రయోగం జీనాన్ అనే వాయువు చిక్కదనానికి సంబంధించినది. గోడకు వేసే రంగు కుంచె ఒత్తిడికి పలచబడి, కుంచె తీయగానే మళ్ళీ చిక్కబడుతుంది. ఒకే రకం అణువులున్న సరళమైన పదార్థంలో కూడా ఈ గుణం ఉంటుందా అన్నది ప్రశ్న. వాయువుకూ ద్రవానికీ నడుమ ఉండే సంధిస్థితిలో జీనాన్‌ను కదిలించి చూడాలి. భూమి మీద ఆ స్థితిలో జీనాన్ తన బరువుకు తానే కుంగిపోతుంది కనుక ఇక్కడ అది సాధ్యం కాదు. అందుకోసం దానిని అంతరిక్షానికి తీసుకువెళ్ళారు.

విద్యార్థులు రూపొందించిన ప్రయోగాలూ ఆ నౌకలో చోటు చేసుకొన్నాయి. ఆస్ట్రేలియా విద్యార్థులు సాలీళ్ళను, చైనా విద్యార్థులు పట్టుపురుగులను, జపాన్ విద్యార్థులు చిరుచేపలను, అమెరికా విద్యార్థులు చీమలను పంపారు. బరువే లేని చోట సాలీడు గూడు ఎలా అల్లుతుంది? చీమ సొరంగం ఎలా తవ్వుతుంది? పసివారు అడిగే ఇటువంటి ప్రశ్నలకు పండితులు కూడా జవాబు వెతకవలసినదే. యాత్ర సాగుతుండగానే పట్టుగూటిని చీల్చుకొని ఒక చిలుక వెలువడింది. నేలకు వందల కిలోమీటర్ల ఎత్తున, గాలి లేని శూన్యం నడుమ, ఒక చిన్న ప్రాణి రెక్కలు విప్పుకోవడం ఆ ఏడుగురికీ ఆనందం కలిగించింది. భూగోళం మీద ఎగిరే ధూళిమేఘాలను చిత్రించిన రామోన్ బృందానికి, తుపాను మేఘాల పైన క్షణకాలం మెరిసి మాయమయ్యే అరుదైన కాంతులు కూడా చిక్కాయి. జనవరి 28న, 1986లో అదే రోజున కూలిపోయిన చాలెంజర్ నౌకలోని సాటివారిని స్మరిస్తూ వారు కొద్దిసేపు మౌనం పాటించారు.

పైన ఇంత శ్రద్ధ సాగుతుండగా, కింద మరొక కథ నడుస్తున్నది. బయలుదేరిన మరునాడు చలనచిత్రాలను పరిశీలించిన నిపుణులు ఫోమ్ ముక్క రెక్కకు తగలడం గమనించారు. అంత పెద్ద ముక్క తగలడం వారిని కలవరపెట్టింది. చిత్రాలలో తగిలిన చోటు స్పష్టంగా లేదు. రక్షణ శాఖకు చెందిన శక్తిమంతమైన కెమెరాలతో రెక్కను ఫొటో తీయించాలని ఇంజనీర్లు మూడు విధాల ప్రయత్నించారు. ఆ మూడు కోరికలూ పై అధికారుల వద్ద ఆగిపోయాయి. అందుబాటులో ఉన్న లెక్కలతో అంచనా వేసి, ప్రాణాపాయం లేదని తేల్చారు. జనవరి 23న హస్బెండ్‌కూ మెకూల్‌కూ ఈ సంగతి తెలియజేస్తూ, ఆందోళన చెందవలసినది ఏమీ లేదని ఈ-మెయిల్ పంపారు.

గొట్టాల తొడుగులోని సన్నని పగులుకు నౌకలన్నింటినీ ఆపినవారు, రెక్కకు తగిలిన దెబ్బను ఎందుకు తేలికగా తీసుకొన్నారు? పగులు కొత్తది, ఫోమ్ ఊడటం పాతది. అంతకుముందు ఎన్నో ప్రయాణాలలో ఫోమ్ ఊడిపడింది. 2002 అక్టోబరులో మరొక షటిల్ ప్రయాణంలో, ట్యాంకు మీది అదే భాగం నుంచి ఊడిన ముక్క బూస్టర్‌కు తగిలింది. అయినా నౌక క్షేమంగా తిరిగివచ్చింది. మళ్ళీ మళ్ళీ జరిగి కూడా కీడు చేయనిదానిని మనిషి క్రమంగా కీడు చేయలేనిదిగా భావిస్తాడు. నిన్నటి అదృష్టాన్ని నేటి ప్రమాణంగా స్వీకరిస్తాడు. భయం పోవడానికి కారణం జ్ఞానం కాదు, అలవాటు. అలవాటు కళ్ళు మూయదు. తెరచిన కళ్ళతోనే చూడకుండా చేస్తుంది.

మహాభారతంలోని పరీక్షిన్మహారాజు కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఏడు దినాలలో తక్షకుని కాటుకు మరణిస్తాడని శాపం. రాజు ఒంటిస్తంభపు మేడలో చేరి, మంత్రజ్ఞులనూ వైద్యులనూ చుట్టూ కాపలా ఉంచుకొన్నాడు. ఏ మహాసర్పమూ ఆ కట్టుదిట్టాలను దాటలేదు. ఏడవనాటి సూర్యుడు అస్తమించబోతున్నాడు. గండం గడిచిందన్న ధీమా కలిగింది. ఆ వేళకు పండులో ఒక చిన్న పురుగు కనిపించింది. రాజు దానిని చూశాడు, చూసి పరిహాసం చేశాడు. ఆ పురుగే తక్షకుడు. కావలసినంత కాపలా ఉంది. లేనిదల్లా పురుగును పురుగుగా గాక మరొక విధంగా చూడగల జాగ్రత్త.

2003 ఫిబ్రవరి 1వ తేదీ. పదహారు దినాల పని ముగించుకొని కొలంబియా ఇంటిదారి పట్టింది. 255వ ప్రదక్షిణంలో, హిందూమహాసముద్రం మీద ఉన్నప్పుడు ఇంజన్లు మండించి వేగం తగ్గించారు. ఫ్లోరిడా సమయం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాలకు పసిఫిక్ సముద్రం మీదుగా నౌక వాతావరణంలో ప్రవేశించింది. గంటకు 25 వేల కిలోమీటర్లకు పైబడిన వేగంతో వచ్చే నౌకకు ఎదురైన గాలి కణకణలాడే అగ్నిగా మారుతుంది. ఆ వేడిని తట్టుకోవడానికి రెక్కల అంచున కార్బన్ పలకలు అమర్చి ఉంటాయి. అవి రెక్కకు 22. ఎడమరెక్కలోని ఎనిమిదవ పలక వద్ద రంధ్రం ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఆ దారిన మహాతాపం రెక్క లోపలికి చొరబడింది.

8 గంటల 54 నిమిషాలకు ఎడమరెక్కలోని కొలమానాలు ఒక్కొక్కటిగా మూగబోయినట్లు హ్యూస్టన్ నియంత్రణ కేంద్రం గుర్తించింది. తరువాత ఎడమవైపు చక్రాల గాలి ఒత్తిడి సూచనలు ఆగిపోయాయి. 8 గంటల 59 నిమిషాలకు కేంద్రం నుంచి వెళ్ళిన మాటకు హస్బెండ్ బదులు పలకబోయారు. ఆ మాట మధ్యలోనే తెగిపోయింది. అప్పటికి నౌక టెక్సాస్ రాష్ట్రం మీద, 60 కిలోమీటర్లకు పైగా ఎత్తులో ఉన్నది. నిర్మలమైన ఉదయాకాశంలో అనేక తెల్లని చారలను అక్కడి ప్రజలు చూశారు. ఫ్లోరిడాలో నౌక దిగవలసిన సమయం 9 గంటల 16 నిమిషాలు. రన్‌వే పక్కన వ్యోమగాముల కుటుంబాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. ఆ సమయం వచ్చింది, గడిచిపోయింది. నౌక రాలేదు.

అనంతరం వేలాది మంది పొలాలను, అడవులను, చెరువులను గాలించారు. 84 వేలకు పైగా శకలాలు దొరికాయి. అవన్నీ కలిపితే నౌక బరువులో 38 శాతం మాత్రమే. హారొల్డ్ గెమన్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ మండలి ఒక పరీక్ష జరిపించింది. 2003 జూలై 7న, టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియో నగరంలో, అంతే బరువున్న ఫోమ్ ముక్కను అంతే వేగంతో ఒక కార్బన్ పలక మీదికి పేల్చారు. పలకకు రెండు వైపులా సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడింది. చూస్తున్నవారు నిశ్చేష్టులయ్యారు. మెత్తనిది గట్టిదానిని ఛేదించగలదన్న సంగతి అప్పటికి గాని కంటికి తెలియలేదు. మండలి ఆగస్టులో నివేదిక సమర్పిస్తూ, ఫోమ్ ఎంత కారణమో సంస్థ పని తీరు కూడా అంతే కారణమని స్పష్టం చేసింది. దెబ్బ సంగతి మొదటి దినాలలోనే తెలిసి ఉంటే, మరొక షటిల్‌ను పంపి వారిని రక్షించడం ఎంతో కష్టమైనా అసాధ్యం కాదని కూడా పేర్కొన్నది. అడిగిన ఫొటో తీయించడానికి అయ్యే శ్రమ ఎంత? తీయించనందుకు చెల్లించిన మూల్యం ఎంత?

అయినా ఆ ఏడుగురి శ్రమ వ్యర్థం కాలేదు. ఫలితాలలో కొంత భాగం యాత్ర జరుగుతుండగానే నేలకు చేరింది. శకలాలలో దొరికిన ఒక డబ్బాను తెరచి చూస్తే, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులు బతికే ఉన్నాయి! ఆకాశంలో బయలుదేరిన వాటి సంతతి నేలమీద కొనసాగుతున్నది. కాలి కమిలిపోయిన ఒక హార్డ్ డిస్క్ నుంచి నిపుణులు ఎంతో ఓర్పుతో సమాచారాన్ని వెలికితీశారు. అది జీనాన్ ప్రయోగపు సమాచారం. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. కుంచె కింది రంగు వలె జీనాన్ కూడా పలచబడుతుందని రుజువైంది. రామోన్ రాసుకొన్న దినచర్యలోని కొన్ని పుటలు సైతం అంత ఎత్తు నుంచి పడి, ఎండకూ వానకూ ఓర్చి, ఆయన కుటుంబానికి చేరాయి. మహాయంత్రం ముక్కలైనచోట పురుగూ కాగితమూ మిగిలాయి.

మన తెలుగునేల మీద శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరు 12న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. దుర్ఘటన జరిగిన కొద్ది దినాలకే, 2003 ఫిబ్రవరి 5న, ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దానికి కల్పన పేరు పెట్టారు. కల్పన-1 భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి, సముద్రం మీద తలెత్తే మేఘాలను ఏళ్ళ తరబడి కనిపెట్టింది. తుపాను కూడా మొదట ఒక చిన్న మేఘపు సుడియే. అది పెనుగాలిగా మారకముందే గుర్తించి తీరవాసులను హెచ్చరించడానికి తోడ్పడే సాధనానికి ఆమె పేరు పెట్టడం కంటే తగిన నివాళి మరొకటి ఉండదు.

షటిళ్ళు మళ్ళీ 2005 జూలైలో ఎగిరాయి. ట్యాంకు మీద ఫోమ్ ఊడిన భాగాన్ని తొలగించి, కక్ష్య చేరిన ప్రతి నౌకనూ కెమెరాలతో అంగుళం అంగుళం పరిశీలించే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2011 జూలైలో చివరి షటిల్ క్షేమంగా దిగేవరకూ ఆ పద్ధతి కొనసాగింది. ఇంజనీర్లు ఆనాడు కోరిన ఫొటో ఆ తరువాత ప్రతి యాత్రలోనూ తీశారు.

అనుమానం వచ్చినవాడు అడగాలి. అడిగినవాని మాట పెద్దలు వినాలి. వినడానికి తీరిక లేదన్నవేళ, కొవ్వొత్తి కంటే బలహీనమైన మంటకు పేరు పెట్టి, అది ఆరిపోయేవరకు కళ్ళార్పకుండా చూసిన ఆ ఏడుగురినీ తలచుకోవాలి. వారు చూసినట్లు చూడటమే విజ్ఞానం. వారి కోసం ఎవరైనా అట్లా చూసి ఉంటే, ఆ ఉదయం రన్‌వే మీద వారి కుటుంబాల నిరీక్షణ ఫలించేదేమో!